కాపలాకి వెళ్ళేవాళ్ళు

"పేరు?"

"కూర్మయ్య."

"తండ్రి పేరు?"

"ఆయన పోయినాడు బాబూ."

"పోయినా పేరుంటాది కదా మావా."

"సూసినారా! ఆపీసర్నని సెప్పి కూకున్నాడు, మావా అంటన్నాడు. ఏ ఆపీసరైనా మావా అంటాడేటి? మా ఇంట్లో నీకివ్వడానికి పిల్ల కూడా నేదు."

రామకోవెల అరుగు మీద కూర్చున్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. ఆఫీసరు వేషంలో ఉన్న అప్పలసూరికీ నవ్వాగలేదు. కూర్మయ్య భార్య లక్ష్మణమ్మ మాత్రం మొగుడి మోకాలి మీద ఒక్కటిచ్చింది. "పెళ్ళైనోడికి పిల్లనిస్తాడట, సిగ్గునేదు. అయ్య పేరు సెప్పు ముందు."

అప్పలసూరి బియ్యే పాసయ్యాడు. బూడిదమిట్టలో బియ్యే చదివినవాడు అతనొక్కడే. వాళ్ళ వంశంలో వేలిముద్ర కాకుండా సంతకం పెట్టినవాడు కూడా అతనే మొదలు. పగలు ఒక ఎలిమెంటరీ బడిలో, సెలవు మీద వెళ్ళిన పంతులుగారి బదులు పాఠాలు చెప్తాడు. సాయంత్రం రామకోవెల దగ్గర పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పుతాడు. ఈ మధ్య అక్షరాలు పక్కనపెట్టి అందరిచేతా ఈ నాటకం ఆడిస్తున్నాడు. ఎందుకంటే ఇళ్ళ స్థలాల ఆఫీసరు నిజంగానే రాబోతున్నాడు.

విజయనగరం స్టేషనుకి అవతల, జూట్ మిల్లు బాయిలర్ల బూడిద ఏళ్ళ తరబడి పోయగా ఎత్తైన జాగా బూడిదమిట్ట. బొబ్బిలి వైపు మెట్ట భూములు ఎండిపోయిన కరువులో ఊళ్ళు వదిలి వచ్చినవాళ్ళు దానిమీద తాటాకు ఇళ్ళు వేసుకున్నారు. ఒక్కో ఇల్లు ఒక్కటే గది. వానొస్తే బూడిద బురదై గడప దాటి లోపలికొస్తుంది. ఊరి చివర ప్రభుత్వం కొన్న భూమిలో పేదలకి స్థలాలిస్తారనీ, ఒకే గదిలో ఇరుక్కుని బతుకుతున్న సంసారాలకి ముందిస్తారనీ పేపర్లో చదివింది అప్పలసూరే. అర్జీ రాసిందీ, ఇల్లిల్లూ తిరిగి వేలిముద్రలు వేయించిందీ అతనే.

"భయపడకండి. అడిగినదానికి ఉన్నదున్నట్టు సెప్పండి. ఎక్కువ సెప్పొద్దు, తక్కువ సెప్పొద్దు," అని రోజూ చెప్పేవాడు.

అన్నీ అడిగి వల్లెవేయించాడు. పేరు, పని, ఏ ఊరినుంచి వచ్చారు, ఇంట్లో ఎంతమంది. ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. రాత్రి ఎవరెక్కడ పడుకుంటారని. అది బూడిదమిట్టలో ఎవరూ ఎవర్నీ అడిగేది కాదు.

ఊళ్ళో ఉన్నప్పుడు కొడుక్కి పెళ్ళి చేస్తే ఆ రాత్రినుంచి తల్లీ తండ్రీ కళ్ళానికి కాపలా వెళ్ళేవారు. కళ్ళంలో గింజ ఉన్నా వెళ్ళేవారు, లేకపోయినా వెళ్ళేవారు. దేనికని ఎవరూ అడగరు. తెల్లవారకుండా కొడుకు ఆ పక్కకి పోడు. ఒక్క గది ఇళ్ళల్లో పరువుగా బతకడానికి పెద్దవాళ్ళు పెట్టుకున్న ఏర్పాటు అది. పట్నం వచ్చాక కళ్ళాలు పోయాయి గాని ఏర్పాటు పోలేదు. పొద్దుగూకగానే "కాపలాకెళ్తన్నాను" అని చెప్పి, మిట్టలోని ముసలివాళ్ళు షావుకారు నగరేశ్వరరావు గారి బెల్లం గొడౌను వరండాకి వెళ్ళి పడుకునేవారు. కాపలా పెట్టమని షావుకారు అడిగిందీ లేదు, వద్దన్నదీ లేదు. తెల్లారి వాకిలి ఊడిస్తే ఆయనకి చాలు.

అప్పలసూరి తల్లి జగ్గమ్మ కూడా మాఘమాసంలో కొడుకు పెళ్ళైన దగ్గర్నుంచీ కాపలాకే వెళ్తోంది.

ఇప్పుడు ఆ వరండా ముందు ఇటుకలు దిగాయి. వానలు పడేలోగా గోడ కట్టించి కొట్లు చేసి అద్దెకిస్తారట. ఆ మాట విన్నాక అప్పలసూరికి అన్నం సయించలేదు. స్థలం రాకపోతే ఈ వానాకాలం అమ్మ ఎక్కడ పడుకుంటుంది? ఇంకో గది అద్దెకి తీసుకుందామంటే అతని జీతం బడి పంతులుగారు తిరిగొచ్చేదాకానే. ఈ సంగతి ఇంట్లో ఎవరితోనూ అనలేదు. అంటే, అమ్మ ఇప్పుడెక్కడ పడుకుంటోందో తనకి తెలుసని ఒప్పుకున్నట్టవుతుంది.

*

ఆఫీసరు జగన్నాధం గారు గొడుగేసుకుని పొద్దున్నే వచ్చారు. మంచి మనిషిలాగే ఉన్నారు. బూడిదలో చెప్పులు కూరుకుపోతున్నా విసుక్కోలేదు. వెంట నడుస్తున్న అప్పలసూరితో అన్నారు:

"మొన్న ఇంకో పేటకి వెళ్ళానండీ మాస్టారూ. స్థలాల కోసం ఎక్కడెక్కడి చుట్టాల్నో తెచ్చి, అందరం ఈ గదిలోనే ఉంటున్నాం అన్నారు. అందుకే ఇప్పుడు ఇంట్లో ఎంతమందని అడగడం మానేశాను. రాత్రి ఎవరు పడుకుంటారో అదే అడుగుతున్నాను."

అప్పలసూరి ఏదో అనబోయాడు. ఈలోగా ఇద్దరూ కూర్మయ్య ఇంటి వాకిట్లోకి వచ్చేశారు.

కూర్మయ్య తలపాగా చుట్టుకుని నిలబడ్డాడు. పేరు చెప్పాడు. ఈసారి తండ్రి పేరు కూడా గట్టిగా చెప్పి, ఎలా ఉందన్నట్టు అప్పలసూరి వైపు చూశాడు.

"రాత్రి ఈ ఇంట్లో ఎవరెవరు పడుకుంటారు?"

కూర్మయ్య మొహంలో గర్వం పోయింది. గుమ్మంలో నిలబడ్డ కోడలు చెంగు ముఖానికి లాక్కుని లోపలికి తప్పుకుంది.

"కొడుకూ కోడలూ, ఆళ్ళ గుంటడూ."

"మీరు?"

"నాను కాపలాకెళ్తాను బాబూ."

"మీ ఆవిడ?"

"అదీ అంతే."

"ఇద్దరూ కాపలాకేనా? ఎక్కడ?"

"బెల్లం గొడౌనుకాడ. షావుకారు దొడ్డ మనిషి బాబూ."

"మంచిదే," అని ఆఫీసరు రాసుకున్నారు.

తర్వాతి ఇంట్లో ముసలామె కూడా అదే మాట. ఆ తర్వాతి ఇంట్లోనూ అంతే. కాపలా, కాపలా, కాపలా. ఒక్కరి గొంతూ వణకలేదు. భయపడొద్దని అప్పలసూరి నేర్పింది బాగానే అబ్బింది. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పారు. ఎక్కువా చెప్పలేదు, తక్కువా చెప్పలేదు.

అప్పలసూరి ఇంటి ముందు జగ్గమ్మ పేడనీళ్ళతో అలికి ముగ్గేసింది. లోపల కోడలు నీలవేణి గాజుల చప్పుడు వినిపిస్తోంది.

"ఇది మీ ఇల్లేనా మాస్టారూ? అమ్మా, రాత్రి ఇక్కడ పడుకునేదెవరు?"

"నా కొడుకూ కోడలూ బాబూ. ఇద్దరే."

"మీరూ కాపలాకేనా?"

"అంతే బాబూ."

ఆఫీసరు అప్పలసూరి వైపు చూశారు. ఒక్క మాట చాలు అప్పుడు. కాపలా లేదు సార్, మా అమ్మకి పడుకోడానికి చోటు లేక బయటికి పోతోంది, అంటే చాలు. కాని గుమ్మం వెనకాల పెళ్ళాం ఉంది. ఎదురుగా తల్లి ఉంది. చుట్టూ మిట్ట జనం ఉన్నారు. ఎందుకు బయటికి పోతోందో నడివీధిలో నిలబడి చెప్పడమే ఆ మాట. అప్పలసూరి తల వంచుకుని చెప్పుకి అంటిన బూడిద రాల్చుకున్నాడు.

రామకోవెల దగ్గర ఆఫీసరు కాగితాలు మడిచారు.

"ఇక్కడ అనుకున్నంత ఇరుకు లేదండీ. పెద్దవాళ్ళందరికీ రాత్రి పనీ, వసతీ ఉన్నాయి. ఇళ్ళల్లో పడుకునేది ఇద్దరూ ముగ్గురే. మీరు అర్జీలో రాసినట్టు లేదు. శనివారం రిపోర్టు పంపాలి, మరోలా అనుకోకండి."

*

ఆ సాయంత్రం రామకోవెల బడికి అందరూ వచ్చారు గాని పలకలెవరూ తియ్యలేదు.

"ఒరే అల్లుడూ, నిజం సెప్పమన్నది నువ్వే గదరా? సెప్పినాం. మళ్ళీ ఇదేటి?" అన్నాడు కూర్మయ్య.

"నిజమే మావా. గాని కాపలా అంటే ఆయనకేటి తెలుస్తాది? షావుకారు జీతమిచ్చి పెట్టుకున్నాడనుకున్నాడు. వెళ్ళి అసలు సంగతి సెప్పాల."

"ఏటని సెప్పాల?"

అప్పలసూరి నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు.

"సూసినావా? బియ్యే సదివిన నీకే నోరు రానేదు. కోడళ్ళ ముందర ఆ మాట మాసేత సెప్పిస్తావేటి?"

లక్ష్మణమ్మ నెమ్మదిగా అంది: "గొడౌనుకి గోడ కట్టేస్తే టేసనుంది. టేసన్లో తొంగుంటాం. మా సంగతికేటిగాని, నువ్వు మాత్రం ఆ మాట ఎక్కడా అనకు నాయినా."

ఇంటికొచ్చేసరికి జగ్గమ్మ అన్నం తినేసి చెయ్యి కడుక్కుంటోంది. నీలవేణి పొయ్యి దగ్గర ముడుచుకుని కూర్చుంది. వాళ్ళిద్దరూ అప్పటికే ఏదో అనుకున్నట్టున్నారు.

"అత్తా, నాను మాయమ్మకాడికి పోతాను. రామతీర్థం ఎంత దూరం. ఇల్లొచ్చినాక వస్తాను," అంది నీలవేణి.

"పోయి ఏటని సెప్తావే? అత్త ఎళ్ళగొట్టిందని సెప్తావా?"

"నువ్వు బయట తొంగుంటే నానిక్కడ..." మాట పూర్తి చెయ్యలేదు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ పిల్ల అత్తగారి మొహం వైపు సూటిగా చూడదు. మొహమాటం గల పిల్ల అనుకున్నాడు అప్పలసూరి. సంగతేమిటో ఇప్పుడు తెలిసింది.

జగ్గమ్మకి కోపమొచ్చింది. "నోరు ముయ్యి. నా అత్త కళ్ళానికెళ్ళనేదా? నానేమైనా కొత్తగా ఎళ్తన్నానా? లోకంలో అందరూ సేసిందే." కొడుకు వైపు తిరిగింది. "నువ్వు గూడా ఆ మొకం ఎట్టకు. కాపలాకెళ్తన్నాను, తలుపేసుకోండి."

ఎప్పుడూ అనే మాటే. ఆ రోజు మాత్రం ముగ్గురిలో ఎవరూ ఎవరి కళ్ళల్లోకీ చూడలేకపోయారు.

*

మర్నాడు బడి ఎగ్గొట్టి అప్పలసూరి ఆఫీసుకి వెళ్ళాడు. దారంతా చెప్పవలసిన మాట మనసులో కూర్చుకున్నాడు. తీరా బల్ల ముందు నిలబడ్డాక మిగిలింది ఇంతే:

"సార్, కాపలా లేదు సార్. అది మేం అనుకునే మాట సార్. పెళ్ళైన పిల్లలుంటే పెద్దవాళ్ళు... ఒకటే గది కదా సార్."

జగన్నాధం గారు కాసేపు అతన్ని చూశారు. అర్థమయ్యాక ఆయన కూడా కాగితాలు అనవసరంగా సర్దుకున్నారు.

"మరి నిన్న మీరు పక్కనే ఉన్నారు గదండీ. చదువుకున్నవారు. ఎందుకు చెప్పలేదు?"

అప్పలసూరి బల్ల మీది కాగితాల వైపు చూశాడు.

"చూడండి మాస్టారూ. నిన్న వాళ్ళు చెప్పింది రాసుకున్నాను. ఇవాళ మీరొకటి చెప్తున్నారు. పైవాళ్ళు అడిగితే నేనేం చెప్పాలి? నేను కళ్ళతో చూడాలి. రేపు తెల్లారకముందే వస్తాను. వరండా మీద ఎవరెవరు పడుకుని ఉంటే వాళ్ళ పేర్లు రాసుకుంటాను. అంతకంటే నా చేతిలో లేదు."

ఆ మాట మిట్టకి తెచ్చి చెబితే కూర్మయ్య లేచి నిలబడ్డాడు.

"సంతలో పశువుల్ని సూసినట్టు సూస్తాడేటి? నానక్కడ పంచె ఊడి తొంగుంటే, ఆయన లైటేసి సూస్తాడా?"

"ఒక్క పొద్దు మావా. కదలకుండా తొంగుండండి. అంతే."

"నువ్వొస్తావా, ఆయనెంట?"

"రావాల కదా మావా. ఎవరెవరో ఆయనకి నానే సెప్పాల."

"కొడుకులు ఆ పక్కకి రాకూడదురా," అన్నాడు కూర్మయ్య. తిట్టినట్టు కాదు. తెలియనివాడికి చెప్పినట్టు అన్నాడు. అది తిట్టుకంటే గట్టిగా తగిలింది.

చీకటి పడుతుండగా అందరితోపాటు జగ్గమ్మ కూడా వెళ్ళింది.

*

తూర్పున ఇంకా తెల్లదనం రాలేదు. జగన్నాధం గారు చేతిలో టార్చిలైటుతో వచ్చారు. ఆయన వెనకాల అప్పలసూరి మొట్టమొదటిసారి బెల్లం గొడౌను మెట్లెక్కాడు.

వరండా ఖాళీగా ఉంది.

ఊడ్చేసి, నీళ్ళు కూడా చల్లేశారు. ఎప్పుడూ తెల్లారాక చేసే పని చీకట్లోనే ముగించుకుని వెళ్ళిపోయారు. గచ్చంతా కారిన బెల్లం మరకలు, వాటిచుట్టూ ఎర్రచీమలు బారులు తీరి ఉన్నాయి. సగం వరండా ఇటుకలే ఉన్నాయి. ఇక్కడా వీళ్ళు పడుకునేది!

లైటు వెలుగు చివరిదాకా వెళ్ళింది. ఇటుకల పక్కన ఒక్క మనిషి ముడుచుకుని, మొహం మీద చెంగు కప్పుకుని పడుకుని ఉంది. పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. పగిలిన మడమల్లో బూడిద.

"ఒక్కరే ఉన్నారే. ఈవిడెవరు? అడుక్కునేవాళ్ళైతే నేను రాయకూడదు మాస్టారూ."

అప్పలసూరి ఆ పాదాల వైపే చూస్తూ అన్నాడు.

"మా అమ్మ సార్."

చెంగు కింద జగ్గమ్మ కదల్లేదు. నిద్రపోతున్నట్టే పడుకుంది. ఆఫీసరు లైటు పక్కకి తిప్పి పేరు రాసుకున్నారు.

"మిగతావాళ్ళు?"

"ఇక్కడే పడుకుంటారు సార్. మీరొస్తున్నారని సిగ్గుపడి లేచిపోయారు."

"కావచ్చు. కాని నేను చూసిందే రాయగలను. ఒక పేరు రాశాను. మీ ఇంటికి స్థలం రావచ్చు. వాళ్ళకి కష్టం."

అర్జీ అందరిదీ. వల్లెవేయించింది అందరిచేతా. స్థలం మాత్రం మాస్టారి ఇంటికి! ఇవాళ సాయంత్రం రామకోవెల అరుగు మీద ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి?

"మా పేరు కొట్టెయ్యండి సార్," అన్నాడు అప్పలసూరి.

"కొట్టేస్తే మీ అమ్మగారికే నష్టం. వాళ్ళకి ఒరిగేదేముంది?"

ఆఫీసరు మెట్లు దిగబోయారు.

"బాబూ, ఆగండి."

జగ్గమ్మ లేచి కూర్చుంది. చెంగు మొహం మీంచి తియ్యలేదు. అలాగే తడుముకుంటూ లేచి, ఇటుకల వెనక సందులోంచి చుట్టిన బొంత ఒకటి లాగింది. మాసి, అతుకుమీద అతుకు వేసిన బొంత. దాన్ని తెచ్చి ఆఫీసరు ముందు పెట్టింది.

"ఇది మా లక్ష్మణమ్మ వదినది. ముట్టుకోండి బాబూ. ఎచ్చగా ఉన్నాది."

జగన్నాధం గారు వెనక్కి తగ్గారు. "ఎందుకమ్మా..."

"ముట్టుకోండి. ఇప్పుడే నేచి ఎళ్ళిపోయినారు. ఇది కూర్మన్నది. దగ్గు మనిషి, గోడవార తొంగుంటాడు. ఇది ఆళ్ళ పక్కింటి సిన్నతల్లిది." ఒక్కొక్కటీ లాగుతోంది. ఒక్కొక్కటి పెడుతున్నప్పుడల్లా గొంతు తగ్గిపోతోంది. "ఆళ్ళు సిగ్గుపడి పోయినారు బాబూ. సిగ్గుపడ్డోళ్ళకి ఇల్లివ్వరా?"

ఆఫీసరు టార్చిలైటు చంకలో పెట్టుకుని వంగారు. మొదటి బొంత మీద అరచెయ్యి ఆనించారు. రెండోదాని మీద ఆనించారు. చివరిదాకా ఆనించి, లేచి, జేబులోంచి కలం తీశారు.

"పేర్లు మళ్ళీ చెప్పండమ్మా. నిదానంగా."

జగ్గమ్మ చెప్పింది. ఆ ముసలివాళ్ళు ఇన్నాళ్ళూ ఎవరి నోటా రానివ్వని సంగతి పేరుపేరునా చెప్పింది. అప్పలసూరి గచ్చు మీది చీమల్ని చూస్తూ నిలబడ్డాడు. అతను చెయ్యగల సాయమేమీ లేదు. ఏ బొంత ఎవరిదో అతనికి తెలియదు.

"మార్చి రాస్తాను. పైవాళ్ళు కాదంటే నేనేం చెయ్యలేను గాని, నా రిపోర్టు ఇదే," అన్నారు ఆఫీసరు. వెళ్తూ వెళ్తూ జగ్గమ్మకి నమస్కారం పెట్టారు. చెంగు చాటున ఆవిడ చూసిందో లేదో.

*

మిట్ట మొదట్లో కుళాయి దగ్గర అందరూ ఉన్నారు. నీళ్ళు ఇంకా వదల్లేదు. అయినా బిందెలు పెట్టుకుని నిలబడ్డారు. జగ్గమ్మ ముందు, చాలా వెనకగా అప్పలసూరి వస్తుంటే మాటలు ఆగిపోయాయి.

"సెప్పేసినావేటి?" అన్నాడు కూర్మయ్య.

"సెప్పేసినానన్నియ్యా."

"నా పేరు గూడానా?"

"అందరివీ సెప్పినాను. బొంతలు ముట్టించినాను."

కూర్మయ్య కుళాయి గట్టు మీద చతికిలబడ్డాడు. తలపాగా విప్పి దానితోనే మొహం కప్పుకున్నాడు. "ఆ బొంతా? ఆ బాబుసేతా?" అని లోపల్నుంచి గొణిగాడు. "అది ఉతికి ఎన్నాళ్ళైందో తెల్దేటి నీకు?"

ఎవరూ నవ్వలేదు. లక్ష్మణమ్మ జగ్గమ్మని ఎగాదిగా చూసింది. తిడుతుందనుకున్నాడు అప్పలసూరి. తిట్టలేదు. వరసలో ముందున్న తన బిందెని కాలితో కొంచెం పక్కకి జరిపింది. ఆ ఖాళీలో జగ్గమ్మ నిలబడింది. ఆవిడకి బిందె లేదు.

నీలవేణి ఇంట్లోంచి బిందె పట్టుకుని వచ్చింది. అత్తగారి చేతిలో పెట్టి, వెళ్ళిపోకుండా పక్కనే నిలబడింది. నీళ్ళొచ్చి బిందె నిండాక అప్పలసూరి ముందుకొచ్చి అంచు పట్టుకోబోయాడు.

"వదులు," అంది జగ్గమ్మ, అతని మొహం చూడకుండా. "అందరూ సూస్తన్నారు. బేగి బడికెళ్ళు."